అమ్మ వినని రిపోర్టు

మా అమ్మ దగ్గర నేను ఒక విషయం తొమ్మిదేళ్ళు దాచాను. నేనేదో దాస్తున్నానని ఆవిడకి మొదటి నెలలోనే తెలిసిపోయింది. ఆవిడకి తెలుసునన్న సంగతి నాకు తెలియడానికి మాత్రం ఆ తొమ్మిదేళ్ళూ పట్టింది. ఇద్దరిలో ఎవరు తెలివైనవాళ్ళో మీరే తేల్చుకోండి.

అమ్మ పోయి ఏడు నెలలైంది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట, "మహాతల్లి, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయింది" అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. ఇబ్బంది పెట్టి ఉంటే ఎంత బాగుండేది! ఒక్కసారి నా జుట్టు పట్టుకుని, "ఏమైందే నీకు, చెప్పి చావు" అని ఉంటే ఇద్దరం బాగుపడేవాళ్ళం. ఆవిడ అనలేదు. ఎందుకు అనలేదో చెప్పాలంటే ముందు ఆవిడ ఉద్యోగం గురించి చెప్పాలి.

డాక్టర్లకి రోగిని చూసే తీరిక ఉంటుంది గానీ చూసింది రాసే తీరిక ఉండదు. అందుకని ఒక చిన్న రికార్డరు నోటి దగ్గర పెట్టుకుని గడగడా చెప్పేసి వెళ్ళిపోతారు. ఫలానా పేరు, ఫలానా వయసు, ఫలానా చోట నొప్పి, నేను చూసింది ఇది, ఇచ్చిన మందు ఇది. ఆ గొంతులన్నీ ఎక్కడెక్కడి ఆస్పత్రుల నుంచో అమ్మ ఆఫీసుకి వచ్చేవి. చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని వాటిని విని, అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి, రోగి ఫైల్లోకి పంపాలి. దీన్ని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. మా బంధువుల్లో ఎవరికీ ఆ మాట నోరు తిరిగేది కాదు. మా మావయ్య అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "మా చెల్లెలు పెద్ద పెద్ద డాక్టర్లతో పనిచేస్తుంది" అని చెప్పుకునేవాడు. అది నమ్మి కొందరు అమ్మ కనబడగానే నాలుక చాపి చూపించేవాళ్ళు.

ఆఫీసు ఒక టైర్ల కొట్టు మీద రెండో అంతస్తులో ఉండేది. స్కూలు అయ్యాక ఇంటి తాళంచెవి కోసం అక్కడికే వెళ్ళేదాన్ని. మెట్ల నిండా రబ్బరు వాసన. పైన ఒక పొడుగాటి గది, ఎప్పుడూ దించే ఉండే బూడిదరంగు తెరలు, రెండు వరసల్లో పద్నాలుగు బల్లలు. పద్నాలుగు మంది కూర్చున్నా కీబోర్డుల టకటక తప్ప ఒక్క మాట వినపడేది కాదు. ఒక్కో బల్ల కింద కుట్టుమిషను పెడల్‌లాంటిది ఒకటి ఉండేది. ముందరి భాగం తొక్కితే గొంతు నడుస్తుంది, మడమతో నొక్కితే నాలుగు మాటలు వెనక్కి వెళుతుంది. అమ్మ కాలు దానికి ఎంత అలవాటు పడిపోయిందంటే, ఇంట్లో ఎవరైనా గబగబా మాట్లాడితే ఆవిడ కుడి మడమ తనకు తెలియకుండానే నేలని నొక్కేది. మావయ్య వచ్చిన రోజున ఆ మడమకి విశ్రాంతి ఉండేది కాదు.

ఆ డాక్టర్లకి పేర్లు ఉండే ఉంటాయి, కానీ ఆ గదిలో వాటిని ఎవరూ వాడేవాళ్ళు కాదు. నమిలే డాక్టరు ఎప్పుడూ ఏదో ఒకటి తింటూ చెప్పేవాడు. రైలు డాక్టరు ఊపిరి పీల్చుకోకుండా చెప్పేవాడు. నరాల డాక్టరు ఒకాయన్ని మాత్రం 'పెద్దమనిషి' అనేవాళ్ళు. ఆయన ప్రతి మాటా విడమరిచి చెప్పి, వాక్యం అయ్యాక ఒక క్షణం ఆగి, చివర్లో "వింటున్నవారికి ధన్యవాదాలు" అని ముగించేవాడట. ఆయన ఫైలు వస్తే పండగే. నరాల జబ్బుల మాటలు అమ్మకి వచ్చినంతగా ఇంకెవరికీ రావు కాబట్టి ఆ ఫైళ్ళు చాలావరకు ఆవిడకే వచ్చేవి.

పక్క బల్ల కామా పిన్నిది. మాకు చుట్టరికమేమీ లేదు. టైపు చేసేటప్పుడు నాలుగు మాటలకొక కామా పెడుతుందని ఆ పేరు వచ్చింది. మాట్లాడేటప్పుడు మాత్రం కామాలు, ఫుల్‌స్టాపులు ఏవీ ఉండవు. దాని నోట్లో నువ్వుగింజ నానదని అమ్మే అనేది. ఆ నోరు తొమ్మిదేళ్ళు మూసుకుని ఉందంటే ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు.

ఆఫీసులో రెండు నియమాలుండేవి. ఒకటి, మాట సరిగా వినపడకపోతే ఊహించి రాయకూడదు. గీత గీసి ఖాళీ వదిలేస్తే డాక్టరే తర్వాత నింపుకుంటాడు. రెండోది, ఫైల్లో పేరు మన ఇంటివాళ్ళది గానీ బంధువులది గానీ అయితే అక్కడికక్కడే ఆపెయ్యాలి. ఫైలు సూపర్‌వైజరుకి తిరిగి ఇచ్చెయ్యాలి. అది ఆ తర్వాత ఎవరి బల్ల మీదికి వెళ్ళిందో, అందులో ఏముందో అడగకూడదు, విన్నది ఎవరూ ఎక్కడా చెప్పకూడదు. చేరిన రోజున అందరూ దీని మీద సంతకం పెట్టినవాళ్ళే. కానీ అమ్మ దాన్ని ఒట్టులా పట్టుకుంది. మా ఇంటి ఓనరుకి ఏం జబ్బో అమ్మకి తెలుసునని, ఆయన పోయాక ఆయన భార్యే మాతో చెప్పుకుని ఏడుస్తుంటే, అమ్మ ముఖం చూసి నాకు అర్థమైంది. అంతవరకు ఆ ఇంటి మెట్లు రోజూ ఎక్కి దిగుతూ కూడా ఆవిడ బయటపడలేదు. నేను అడిగితే, "వాళ్ళు డాక్టరుకి చెప్పుకున్నారే, నాకు కాదు. నా చెవి వాళ్ళిద్దరి మధ్యా ఉన్న గొట్టం, అంతే" అంది.

అమ్మ చేసిన ఒకే ఒక పెద్ద తప్పు గురించి కూడా చెప్పాలి, చెబితే నన్ను కొట్టేదే అయినా. డాక్టర్లు ఒక్కోసారి సగం చెప్పి "మిగతా అంతా మామూలే" అనేస్తారు. దానికోసం అందరి కంప్యూటర్లలోనూ ఒక తయారు పేరా ఉండేది. రెండు మీటలు నొక్కితే వచ్చి పడుతుంది: గుండె చప్పుడు సరిగా ఉంది, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, రెండు పాదాల్లోనూ నాడి సమంగా ఆడుతోంది. ఒకసారి దగ్గుతో వచ్చిన ఒకాయన గురించి రైలు డాక్టరు దగ్గు సంగతి చెప్పి, మిగతా అంతా మామూలే అన్నాడు. అమ్మ రెండు మీటలు నొక్కింది. ఆయనకి ఎడమకాలు మోకాలి దాకా లేదు. నాలుగు రోజులకి రిపోర్టు తిరిగొచ్చింది, పక్కన ఎర్ర అక్షరాలతో "ఆ రెండో పాదం మీ దగ్గరుంటే దయచేసి పంపగలరు" అని రాసి. ఆఫీసంతా వారం రోజులు పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మ నవ్వలేదు. ఆ తయారు పేరా తన కంప్యూటరులోంచి తీసేసి, ఆ తర్వాత ప్రతి రిపోర్టూ చేత్తోనే కొట్టింది, చెప్పని చోట ఖాళీ వదిలి. ఇంట్లో నాకూ అదే బాధ. స్కూల్లో ఎలా ఉందే అంటే మామూలే అంటాను కదా, "మామూలే అంటే? ఏం చూసి మామూలే అన్నావు?" అని వెంటపడేది.

అసలు అమ్మ ఈ పనిలోకి రావడం నాన్న వల్ల. నాకు పదకొండేళ్ళప్పుడు ఆయన కిడ్నీలు పాడయ్యాయి. డాక్టర్లు చెప్పిందంతా అమ్మ ఒక నోటుబుక్కులో రాసుకునేది. ఏ రోజు ఏ డాక్టరు ఏమన్నాడో తేదీలతో సహా. అది చూసిన ఆస్పత్రి గుమాస్తా ఒకాయన, "ఇంత పద్ధతిగా మా వాళ్ళు కూడా రాయరమ్మా" అని ఈ ఆఫీసు చిరునామా ఇచ్చాడు. నాన్న నాలుగేళ్ళు మంచం మీదే ఉన్నారు. పగలు ఎవరెవరి జబ్బులో వినడం, ఇంటికొచ్చి ఈయన జబ్బు చూడటం. నాన్న పోయాక అమ్మ ఆ మంచం విప్పి గోడకి చేరవేస్తూ ఒక మాట అంది. నాకప్పుడు పదిహేనేళ్ళు.

"ఇంక నా వల్ల కాదు తల్లీ. ఇంకొకళ్ళ మంచం పక్కన కూర్చోవాల్సి వస్తే నేను బతకను."

నేను ఆ మాట పట్టుకున్నాను. అందులో ఎంత అలసట ఉందో, ఎంత నిజం ఉందో తేల్చుకునే వయసు కాదు. చెక్కలో మేకు దిగినట్టు దిగిపోయింది.

ఇరవై మూడో ఏట, ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగం వచ్చి, రైల్లో ఆరు గంటల దూరంలో ఉన్న ఊరికి వెళ్ళాను. ఏడో నెలలో ఒక మధ్యాహ్నం భోజనానికి మెట్లు దిగుతూ పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి నోట్లో రక్తం, కళ్ళ ముందు ఎవరెవరివో బూట్లు. ఆస్పత్రిలో రెండు రోజులుంచారు. నరాల డాక్టరు కుర్చీ దగ్గరకి లాక్కుని, ఒక్కొక్క మాట విడమరిచి చెప్పాడు. ఇది మూర్ఛ అమ్మా. తల స్కాన్‌లో గడ్డలూ లేవు, మచ్చలూ లేవు. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర వేసుకోండి, నిద్ర చెడగొట్టుకోకండి, కొన్నాళ్ళు బండి నడపకండి. చాలామంది ఇలాగే హాయిగా బతికేస్తున్నారు. ఆయన చెప్పినట్టే అయింది. ఆ తర్వాత రెండుసార్లు వచ్చింది, అదీ మొదటి మూడేళ్ళలో. ఆరేళ్ళుగా మళ్ళీ ఊసే లేదు.

అమ్మకి ఫోన్ చేసి జ్వరం తగిలిందని చెప్పాను. ఆవిడ తట్టుకోలేదని గట్టిగా నమ్మాను. ఆవిడని కాపాడుతున్నానని నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వం గుర్తొస్తే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

నేను తెలుసుకోని సంగతి ఒక్కటే. ఆ ఆస్పత్రి డాక్టర్లు చెప్పేవి కూడా టైర్ల కొట్టు మీద ఆఫీసుకే వెళతాయి. నాతో మాట్లాడినాయనే వాళ్ళ పెద్దమనిషి.

అక్కడ జరిగింది నాకు చాలా ఆలస్యంగా కామా పిన్ని చెప్పింది, కానీ వరసలో ఇక్కడే చెప్పాలి. ఆ రోజు పెద్దమనిషి ఫైలు వచ్చిందని అమ్మ సంబరంగా నీళ్ళు తాగి, సర్దుకుని కూర్చుందట. పెడల్ తొక్కింది. పేరు. పుట్టిన తేదీ. ఆస్పత్రిలో చేరిన తేదీ. "ఇరవై మూడేళ్ళ ఈ యువతి" అనేదాకా విన్నదట. అంతే, పాదం ఎత్తేసింది. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, తెరమీద నా పేరు వంక కాసేపు చూసి, లేచి సూపర్‌వైజరు దగ్గరకెళ్ళి, "ఇది నేను చెయ్యకూడదు" అంది. సూపర్‌వైజరు దాన్ని పక్క బల్లకి పంపాడు. కామా పిన్నికి. నా కథంతా, మొదటినుంచి చివరిదాకా, ఆ పిన్నే టైపు చేసింది, అమ్మకి మూరెడు దూరంలో కూర్చుని.

అమ్మ కిందికి దిగి టైర్ల కొట్టు ముందు అరగంట నిలబడిందట. మళ్ళీ పైకొచ్చి మిగిలిన ఎనిమిది ఫైళ్ళూ పూర్తి చేసింది. పక్క బల్లవైపు తల తిప్పలేదు.

అప్పట్నుంచి మొదలయ్యాయి ఆ పొద్దుటి ఫోన్లు. ఆరున్నరకల్లా మోగాల్సిందే. "ఏమే, ఆ పెద్ద కత్తెర ఎక్కడ పెట్టావు?" నేను ఊరు వదిలి ఏడు నెలలు దాటాక కత్తెర సంగతి నన్నడుగుతుంది! "మీ వైపు వాన పడిందా?" "నీ పాత స్వెట్టరు ఎవరికైనా ఇచ్చెయ్యనా?" ఒక్కో రోజు ఏమీ తోచక, "ఏం లేదు, వేలు తగిలి వెళ్ళిపోయింది" అనేది. నేను విసుక్కునేదాన్ని. నిద్ర చెడగొట్టుకోవద్దని డాక్టరు చెబితే మా అమ్మే చెడగొడుతోందని పళ్ళు నూరుకునేదాన్ని. నేను ప్రాణాలతో నిద్ర లేచానా అని చూసుకోవడానికే ఆ ఫోనని నాకు తట్టలేదు. పెట్టేసే ముందు తప్పకుండా ఒక మాట అడిగేది.

"ఒంట్లో ఎలా ఉందే?"

"నాకేం, దుక్కలా ఉన్నాను."

అటునుంచి, "సరే, ఉంటాను మరి." తొమ్మిదేళ్ళు, ఇంచుమించు రోజూ, ఆవిడ నాకు తలుపు తీసి పట్టుకుంది. నేను రోజూ దాన్ని మూసేసి పోయాను.

ఆవిడకి తెలిసిందల్లా నేను నరాల డాక్టరు దగ్గరకి వెళ్ళానని, రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నానని, అంతే. తక్కినదంతా ఖాళీ. పోనీ ఏమీ తెలియని మనిషైనా బాగుండేది. తలలో గడ్డలు, చచ్చుబడే కాళ్ళు, ముప్పై ఏళ్ళకే మాట పడిపోవడం, ఇవన్నీ రోజూ చెవిలో పోసుకునే మనిషి. పెద్దమనిషి ఫైళ్ళు ఆ తర్వాత కూడా ఏడేళ్ళు ఆవిడకే వచ్చాయి. ఏ రోజు ఏ యువతి గురించి విన్నా అందులో నన్ను పెట్టి చూసుకునే ఉంటుంది. ఊహించకూడదని ఆఫీసులో నియమం ఉంది గానీ కన్నతల్లికి ఆ నియమం ఎవరు పెట్టగలరు?

ఒకసారి నా గది చూడటానికి వచ్చి నాలుగు రోజులుంది. బట్టలు మడత పెట్టింది, గ్యాస్ పొయ్యి తోమింది, వడ్రంగిని పిలిపించి స్నానాలగది తలుపుకి లోపలి గడియ తీయించి బయటినుంచి కూడా తెరుచుకునేది పెట్టించింది. "ఇదేం పిచ్చమ్మా" అంటే, "ఎవరిదో చేయి ఇరుక్కుందని విన్నాను" అంది. నేను మాత్రలని బియ్యం డబ్బాలో దాచాను. ఆ నాలుగు రోజులూ ఆవిడే అన్నం వండింది. బియ్యం మాత్రం నన్నే కొలిచి ఇమ్మనేది. మందులున్న చోటు తెలిసీ ఆవిడ మూత తియ్యలేదని ఇప్పుడు ఒట్టేసి చెప్పగలను. తీసి పేరు చదివితే చాలు, ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయేది. నాలుగు రోజులు ఆ డబ్బా చుట్టూ తిరిగి, తియ్యకుండా రైలెక్కి వెళ్ళిపోయింది.

రెండేళ్ళ క్రితం ఆ ఆఫీసు మూసేశారు. డాక్టరు చెబుతుంటే యంత్రమే రాసేస్తోంది, ఇక మనుషులెందుకు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగానికి గుర్తుగా అమ్మ తన హెడ్‌ఫోన్స్ ఇంటికి తెచ్చుకుంది. పోయిన ఏడాది చివర్లో కళ్ళు పచ్చబడ్డాయి. లివర్, అప్పటికే చెయ్యి దాటిపోయింది. సెలవు పెట్టి వచ్చేశాను. ఇంకొకళ్ళ మంచం పక్కన కూర్చోలేనన్న మనిషి మంచం పక్కన, ఆస్పత్రిలో, ఆరు వారాలు కూర్చున్నాను.

అయిదో వారంలో ఒక సాయంత్రం కామా పిన్ని వచ్చింది. అమ్మ పడుకుని ఉంటే నన్ను వరండాలోకి పిలిచింది. ఆస్పత్రి వరండా చివర ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరో తుడిచి వెళ్ళిన తడి నేల. కూర్చుంటూనే ఏడవడం మొదలుపెట్టింది.

"నీ రిపోర్టు నేనే టైపు చేశానే" అంది.

"ఏ రిపోర్టు పిన్నీ?"

అప్పుడు చెప్పింది, ఇంతవరకు నేను మీకు చెప్పిందంతా. తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాను, అరవడానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు.

"మొదట్లో నువ్వే చెప్పేసుంటావులే అనుకున్నానే మీ అమ్మ మామూలుగానే ఉండేది కదా అయిదో ఏడాదో ఆరో ఏడాదో అనుకుంటా టీ తాగుతున్నాం ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది ఒక్కటే చెప్పు చెల్లీ అంది నేను ముందు పోతానా అది ముందు పోతుందా అంది."

"నువ్వేం చెప్పావు?"

"అక్కా పిచ్చిదానివా అని నోరు తెరిచానే. తెరిచేసరికి అక్క తన అరచేత్తో నా నోరు మూసేసింది. వద్దు, నేనడగలేదు, నువ్వు వినలేదు అంది. చెబితే నీ సంతకం పోతుంది, వింటే నాది పోతుంది అంది. దానికి చెప్పాలనిపించినప్పుడు అదే చెబుతుంది అంది."

నాకు పిన్ని మీద పట్టరాని కోపం వచ్చింది. "నాకైనా ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదా? నేను చెప్పేసేదాన్ని కదా!"

"నాలుగుసార్లు నీ నంబరు నొక్కాను. భయమేసింది. ఇప్పుడేమో సంతకం పెట్టించుకున్న ఆఫీసే లేదు, ఇంకా ఈ సంతకమేంటే! గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు తల్లీ కూతుళ్ళిద్దరూ. లే. లోపలికెళ్ళి చెప్పు. అక్క నీ కోసమే ఆగి ఉంది."

లోపలికి వెళ్ళేసరికి అమ్మ మేలుకునే ఉంది. పచ్చటి కళ్ళు, ఎండిన పెదవులు. కుర్చీ దగ్గరకి లాక్కున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత ఏ మాట ముందు వస్తుంది?

"అమ్మా, నాకు మూర్ఛ ఉంది" అన్నాను.

అమ్మ తల నెమ్మదిగా నా వైపు తిప్పింది. "ఏం ఇస్తున్నారు?"

"లెవెటిరాసిటమ్."

"ఎంత?"

"అయిదొందలు. పొద్దునొకటి, సాయంత్రమొకటి."

"స్కాన్?"

"మామూలుగానే ఉంది."

"మామూలుగా అంటే? ఏం చూశారో చెప్పు."

"గడ్డలు లేవమ్మా. మచ్చలు లేవు. వాపు లేదు. రెండేళ్ళయ్యాక మళ్ళీ తీశారు, అప్పుడూ లేవు. మొత్తం మూడుసార్లు వచ్చింది. ఆరేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు."

ఆవిడ నా ముఖం వంక చాలాసేపు చూసింది. "అంతేనా?" అంది.

"అంతే అమ్మా."

"అంతేనా?" అంది మళ్ళీ, ఈసారి గట్టిగా, కళ్ళ వెంట నీళ్ళు చెవుల్లోకి కారుతుండగా. "ఓసి నీ దుంపతెగ, ఇంతేనా!" నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నా చెయ్యి లాగి బుగ్గకేసి అదుముకుంది. నేను ఆ మంచం పట్టీమీద తల పెట్టుకుని, నన్ను క్షమించమని కూడా అడగలేక, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ రాత్రి ఆవిడ కదలకుండా నిద్రపోయింది. ఇన్ని వారాల్లో అలా పడుకోవడం చూడలేదని నర్సే అంది.

మర్నాడు పొద్దున నోరు తుడుస్తుంటే, నా మణికట్టు పట్టుకుని భయంగా అడిగింది. "నీకేమైందే? నాకు చెప్పవేం?"

నాకు కాసేపు అర్థం కాలేదు. లివర్ పాడైతే జ్ఞాపకం నిలవదని డాక్టరు ముందే చెప్పాడు. నిన్న నేను చెప్పింది రాత్రికి రాత్రి చెరిగిపోయింది. భయం మాత్రం తొమ్మిదేళ్ళ పాతది కాబట్టి ఎక్కడికీ పోలేదు. కానీ ఒక్కటి మారింది. అడగకూడదన్న సంగతి కూడా ఆవిడ మర్చిపోయింది. అన్నేళ్ళు మింగిన ప్రశ్న ఇప్పుడు నోరారా అడుగుతోంది.

మళ్ళీ చెప్పాను. మెట్లు, నోట్లో రక్తం, స్కాన్, మాత్ర పేరు, ఎన్నిసార్లు వచ్చిందీ, ఎప్పట్నుంచి రానిదీ. మళ్ళీ ఆ "అంతేనా?" మళ్ళీ కన్నీళ్ళు, మళ్ళీ ఆ ముఖంలో బరువు దిగడం. మధ్యాహ్నం ఇంకోసారి అడిగింది. ఇంకోసారి చెప్పాను. నాలుగు రోజుల్లో ఎనిమిదిసార్లు చెప్పాను. మొదట్లో గుండె తరుక్కుపోయేది. తర్వాత్తర్వాత ఎప్పుడు అడుగుతుందా అని ఎదురుచూశాను. ఒక్కసారి చెబితే పోయేదాన్ని తొమ్మిదేళ్ళు చెప్పనందుకు, ఎనిమిదిసార్లు చెప్పే అవకాశం దొరికింది నాకు. ఇది ఏ లెక్కన సరిపోతుందని నన్నడిగితే, సరిపోదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆవిడ అడగలేదు. కళ్ళు సగం మూసి ఉన్నాయి, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. చివరిదాకా చెవులు పనిచేస్తాయని, ఏమైనా ఉంటే చెప్పుకోమని నర్సు అంది. నేను వంగి ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, అడగకుండానే మొదలుపెట్టాను. అమ్మా, నాకు ఇరవై మూడేళ్ళప్పుడు ఆఫీసు మెట్ల మీద పడిపోయాను. ఆస్పత్రిలో రెండు రోజులుంచారు. భయపడాల్సిందేమీ లేదన్నారు. ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పాను. ఎక్కడా ఏదీ వదల్లేదు.

నర్సు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసేసరికి నేనింకా రెండో స్కాన్ దగ్గరే ఉన్నాను. "ఇంక ఆపండమ్మా" అంది మెల్లగా. నేను ఆపలేదు. చివరిదాకా చెప్పాను, ఆరేళ్ళుగా మళ్ళీ రాలేదని కూడా చెప్పి, అప్పుడు లేచాను.